సెలీనా కొన్న ఇల్లు

“మీ ఫ్లాట్ నంబర్ గేటు యాప్‌ల నుంచి తీసేసినం మేడమ్. ఇగ నా చేతుల ఏం లేదు.”

అపార్ట్‌మెంట్ సెక్రటరీ దినేశ్ లిఫ్ట్ పక్కన నిలబడి ఈ మాట అనేసరికి సెలీనా చేతిలో ఇంకా ఆస్పత్రి బ్యాగు ఉంది. ఉదయం డ్యూటీ ముగించుకుని మణికొండ వచ్చేసరికి కూతురు ప్రిస్కిల్లా గేటు బయట ఎండలో నిలబడి ఉంది. పదిహేడేళ్ల పిల్ల. ఐదేళ్ల వయసు నుంచి పెరిగిన ఇంటి ముందు, యాప్‌లో నంబరు లేదని ఆపేసిన కొత్త వాచ్‌మన్‌కి ఇది మా ఇల్లేనని చెప్పుకుంటూ ముప్పావు గంట నిలబడింది.

“తీసెయ్యడానికి మీరెవరండి?” అంది సెలీనా.

“నేను కాదు, కమిటీ. మీ తలుపు మీద సర్కార్ కాగితం అంటించిపోయిన్రు. మొన్న ఇద్దరొచ్చి, మూడో అంతస్తోళ్లు పది రోజులల్ల ఖాళీ చెయ్యాలె అని చెప్పిపోయిన్రు. రేపు మా మీదికి వస్తే? నలభై ఇండ్లున్నయి. అందరు పరేషాన్‌ల ఉన్నరు.”

“ఆ ఇద్దరూ ఏదైనా కాగితం ఇచ్చారా?”

దినేశ్ లేదన్నట్టు తలూపాడు.

“పోనీ పేర్లు చెప్పారా? గుర్తింపు కార్డు చూపించారా?”

“చూస్తే సర్కారోళ్ల లెక్కనే ఉన్నరు.”

“సర్కారోళ్లలా ఉంటే చాలా? రేపు ఎవడో బూట్లు తొడుక్కొచ్చి మీ ఇల్లు ఖాళీ చెయ్యమంటే సామాను సర్దుకుంటారా దినేశ్ గారూ?”

“నా ఇల్లెందుకు ఖాళీ చెయ్యమంటరు మేడమ్? మా ఇంట్ల ఎవ్వరు లోన్ యాప్ కంపెనీల డైరెక్టర్ కాలే.”

ఆ మాట అబద్ధమైతే కదా, సెలీనా తిప్పికొట్టడానికి. లిఫ్ట్ కోసం వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు, మెడలో కంపెనీ కార్డులు వేలాడుతుండగా, ఫోన్లలోకి తలలు దించుకున్నారు. వినడం మాత్రం మానలేదు.

పార్కింగ్‌లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న సాయమ్మ చాట పక్కన పెట్టి లేచింది. ఈ అపార్ట్‌మెంట్ లేచిన నేల ఒకప్పుడు ఆమెదే. బిల్డర్‌కి స్థలం ఇచ్చి, బదులుగా వచ్చిన రెండు ఫ్లాట్లలో ఒకటి కిరాయికిచ్చి, ఒకదాంట్లో తనుంటోంది.

“ఏందిరా దినేశూ, ఆడపిల్లను గేటు బయట నిలవెడ్తవా?”

“పెద్దమ్మా, నీకు తెల్వదు, జర ఊకో. గిది మనీ లాండరింగ్ కేసు.”

“గా లాండ్రీ సంగతి నాకు తెల్వదు గని, గీ పిల్ల తెలుసు. నీ యాప్‌ల ఆ ఇల్లు లేకుంటే నా ఇంటికి చుట్టాలు అని రాస్కో. నా పేరు మీద లోపలికి పంపు. ఒక్కపారి కాదు, దినాం రాస్కో.”

దినేశ్ ఏదో గొణిగి, “సోమవారం కమిటీ మీటింగున్నది, అప్పటిదాంక సూస్తం” అంటూ వెళ్లిపోయాడు. సాయమ్మ సెలీనా చెయ్యి పట్టుకుని, “పో బిడ్డా, పిల్లకు ఇంత అన్నం పెట్టు. ఎండకు మొకం గుంజుకపోయింది” అంది.

లిఫ్ట్‌లో తల్లీకూతుళ్లిద్దరే ఉన్నారు.

“డాడీకి నాలుగుసార్లు ఫోన్ చేశాను మమ్మీ” అంది ప్రిస్కిల్లా. “ఎత్తలేదు.”

“నిద్రపోతున్నారేమో.”

“బాల్కనీలో ఉన్నారు. నేను కింద నుంచి చూశాను. నన్ను చూసి లోపలికి వెళ్లిపోయారు.”

మూడో అంతస్తు వచ్చింది. తలుపు మీద కాగితం అలాగే ఉంది. ‘తాత్కాలిక జప్తు ఉత్తర్వు’ అన్న మాటల కింద ఫ్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల హద్దులు. ఆ కింద యజమాని పేరు: పిల్లి సెలీనా. పక్కనే, నిందితుడు జోయెల్ భార్య.

ఆ ‘భార్య’ అన్న మాట చూసినప్పుడల్లా ఆమెకి కడుపు మండుతోంది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్నది ఆమె ఒక్కతే. సౌదీలో ఏడేళ్లు నర్సుగా చేసింది; మూడో ఏట ఆ జీతం మీద బ్యాంకు అప్పు తీసుకుని ఈ ఇల్లు కొని, మిగతా ఏళ్లలో ఆ అప్పు తీర్చింది. కొన్నది 2013లో. జోయెల్ ఆ లోన్ యాప్ కంపెనీలో అడ్మిన్ మేనేజరుగా చేరింది 2020లో. ఏడాది తిరక్కుండా అతన్ని డైరెక్టర్ని చేశారు. పేరుకే, సంతకాలకే అని నవ్వుతూ చెప్పాడు. పేర్లూ సంతకాలే ఇప్పుడు కేసయ్యాయి. కంపెనీ అసలు యజమానులు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. దొరికింది జోయెల్, దొరికింది ఈ ఇల్లు.

లోపల కర్టెన్లు వేసి ఉన్నాయి. జోయెల్ సోఫాలో, ఆఫీసుకి వెళ్లేవాడిలా చొక్కా టక్ చేసుకుని కూర్చున్నాడు. ఆఫీసు లేక ఎనిమిది నెలలైంది.

“పిల్ల కింద నిలబడి ఉంటే దిగి రాలేకపోయారా?” అంది సెలీనా.

“నేను దిగితే ఇంకా గొడవవుతుందని...”

“గొడవ ఎవరికి?”

ప్రిస్కిల్లా తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు, మెల్లగానే వేసింది. సెలీనాకి అదే ఎక్కువ బాధగా అనిపించింది.

అంతలో ఫోన్ మోగింది. లాయరు రసజ్ఞ.

“సెలీనా గారూ, ఢిల్లీ నుంచి జప్తు కాగితాల కట్ట మొత్తం వచ్చింది. మన జవాబు ఇవాళే పంపాలి, ఇవాళే ఆఖరు తేదీ. మీరు వెంటనే రాగలరా? జోయెల్ గారిని కూడా తీసుకురండి.”

జోయెల్ తల అడ్డంగా ఊపాడు. “తలనొప్పిగా ఉంది. నువ్వెళ్లిరా.”

*

రసజ్ఞ ఆఫీసు లింగంపల్లి స్టేషన్ దగ్గర, ఒక జిరాక్స్ షాపు పైన. రైలు వచ్చినప్పుడల్లా కిటికీ అద్దాలు వణుకుతాయి. ఆమెది సంగారెడ్డి. ముప్పై ఐదేళ్లుంటాయి. ఫీజు గురించి నోరెత్తని మనిషి, తేదీల దగ్గర మాత్రం చండశాసనురాలు.

“ముందు ఆ ఇద్దరి సంగతి చెప్పండి. పది రోజుల్లో ఖాళీ చెయ్యమన్నోళ్లు.”

సెలీనా చెప్పింది. గేటు సంగతీ చెప్పింది.

“మీరు ఎక్కడికీ పోకండి” అంది రసజ్ఞ. “ఇల్లు జప్తు చేశారంటే మీరు దాన్ని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఇంకొకరి పేరున రాయకూడదు. అంతే. ఉండకూడదని కాదు. ఈ తాత్కాలిక ఉత్తర్వు నడిచినన్నాళ్లూ ఇంట్లో ఉన్నవాళ్లు ఉండొచ్చని ఆ చట్టంలోనే రాసుంది. ఖరారైనాక కూడా, కేసు తేలకముందే మనుషుల్ని బయటికి పంపడం అరుదుగా, గట్టి కారణముంటేనే జరగాలని పెద్ద కోర్టు చెప్పింది. మీ సెక్రటరీకి నేను ఇవాళే నోటీసు పంపుతా. రేపు గేటు దగ్గర ఎవరన్నా ఆపితే నాకు ఫోన్ చెయ్యండి.”

“మరి ఎప్పటివరకండి ఇలా? జీవితాంతం ఆ కాగితం తలుపు మీద ఉండాల్సిందేనా?”

“లేదు. నూట ఎనభై రోజులు. ఆ లోపల ఢిల్లీలో ఈ జప్తుల్ని విచారించే అథారిటీ మన మాట విని ఖరారు చెయ్యాలి. చెయ్యకపోతే ఆ ఉత్తర్వు దానంతట అదే పోతుంది. సర్కారు చేతికి కూడా తాడు కట్టే ఉంది. ఆ తాడు ఎంత పొడుగో మనకు తెలియాలి, అంతే.”

సెలీనా మొదటిసారి కాస్త ఊపిరి పీల్చుకుంది. “అసలు నా ఇల్లు పట్టుకోవడమేమిటండి? కంపెనీ పుట్టకముందు ఏడేళ్ల నాటి ఇల్లు. ఇంకా జరగని దొంగతనం సొమ్ముతో నేను ఇల్లెలా కొంటాను?”

“అదే మన మొదటి మాట. దొంగసొమ్ము దొరకాలి, నేనూ కాదనను. ఆ యాప్ వాళ్ల వేధింపులకు ఎన్ని ఇండ్లు ఆగమైనయో నాకు తెలుసు. కానీ దొంగను పట్టలేక దొరికినోళ్ల ఇల్లు పట్టుకుంటామంటే ఒప్పుకునేది లేదు. నేరంతో వచ్చిన ఆస్తి అయ్యుండాలి. అది దొరక్కపోతే, దానికి సమానమైన విలువ ఉన్న నిందితుడి ఆస్తిని పట్టుకుంటామని వాళ్లంటారు. దాని మీద కోర్టుల్లో వాదనలు చాలా ఉన్నాయి. అయినా, అప్పుడు కూడా అది నిందితుడి ఆస్తి అయ్యుండాలి. మీది కాకూడదు.”

“నాదే కదండి. నా పేరే ఉంది. సౌదీ జీతాల చీటీలు, బ్యాంకు కాగితాలు అన్నీ మీకిచ్చాను.”

రసజ్ఞ కట్టలోంచి మూడు పేజీలు తీసింది. ఇవ్వాలా వద్దా అన్నట్టు కొంచెంసేపు చేతిలోనే ఉంచుకుంది.

“ఎందుకు పట్టుకున్నారో కారణం రాయాలి కదా. ఈ కట్టంతటికీ కారణం ఇదొక్కటే సెలీనా గారూ. అధికారులు జోయెల్ గారిని పిలిచి అడిగినప్పుడు ఆయన ఇచ్చిన వాంగ్మూలం.”

సెలీనా చదివింది. ఒకసారి చదివి, మళ్లీ మొదటికి వచ్చి చదివింది. కింద జోయెల్ సంతకం ఉంది. ప్రతి పేజీలోనూ ఉంది.

కింద ప్లాట్‌ఫారం మీద రైలు వచ్చి ఆగింది, జనాన్ని దింపి వెళ్లిపోయింది. రసజ్ఞ మంచినీళ్ల గ్లాసు ముందుకి జరిపింది. సెలీనా ముట్టుకోలేదు.

“ఇది మీకు తెలీదా?” అంది రసజ్ఞ నెమ్మదిగా.

“తెలీదండి.”

“దీనికి రెండే దారులు. ఒకటి, ఆయనే ఇది తప్పు, భయంతో చెప్పానని ప్రమాణపత్రం ఇవ్వాలి. రెండు, మీ జవాబులో మీరు రాయాలి, నా భర్త చెప్పింది అబద్ధమని. రాయకపోతే మీ జీతం చీటీలు ఎన్నున్నా వాళ్లు ఈ మూడు పేజీలే చూపిస్తారు.”

“నేను రాస్తే ఆయనకేమవుతుంది?”

“అబద్ధపు వాంగ్మూలం ఇచ్చాడని ఇంకో కేసు పెట్టొచ్చు. ఇప్పటిదాకా అరెస్టు చెయ్యలేదు. తర్వాత చెయ్యరని నేను చెప్పలేను.” రసజ్ఞ గడియారం చూసింది. “ఆరున్నరకి ఫోన్ చేస్తా. జవాబు తయారుగానే ఉంటుంది. ఆ ఒక్క పేరా మాత్రం మీరు చెప్పినట్టు రాస్తా.”

*

ఇంటికొచ్చేసరికి జోయెల్ టీ పెట్టి, టేబుల్ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండు కప్పులు. పెళ్లయ్యాక అతను టీ పెట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ కప్పులు చూడగానే సెలీనాకి అర్థమైంది, కట్టలో ఏముంటుందో అతనికి ముందే తెలుసని. లింగంపల్లి రాకపోవడానికి తలనొప్పి కారణం కాదని.

పేజీలు టేబుల్ మీద పెట్టి, రసజ్ఞ చెప్పిన రెండు దారులూ చెప్పింది.

“చదవండి.”

“అందులో ఏముందో నాకు తెలుసు సెలీనా.”

“నాకు తెలీదు కదా. మీ నోటితో చదవండి, వింటాను.”

జోయెల్ కదల్లేదు. లోపల్నుంచి అంతా విన్న ప్రిస్కిల్లా గది తలుపు తీసుకుని వచ్చింది. ఇద్దరినీ చూసింది, కాగితాలు చూసింది. ఎవరూ వద్దనేలోపే చేతిలోకి తీసుకుంది.

“పెట్టెయ్ అక్కడ” అన్నాడు జోయెల్.

ప్రిస్కిల్లా పైకే చదివింది. క్లాసులో పాఠం చదివినట్టు, ఎక్కడా గొంతు మారకుండా.

“ప్రశ్న. మణికొండ ఫ్లాటు ఎవరు కొన్నారు? జవాబు. నా సంపాదనతో నేనే కొన్నాను. నా భార్య పేరున రిజిస్టర్ చేయించాను. ప్రశ్న. మీ భార్య విదేశంలో ఉద్యోగం చేసేది కదా? జవాబు. అవును. ఆమె జీతం ఇంటి ఖర్చులకే సరిపోయేది.”

చదివి, కాగితం టేబుల్ మీద బోర్లా పెట్టింది.

“ఇంటి ఖర్చులకే సరిపోయేది” అంది సెలీనా. “నిన్ను రెండేళ్ల పిల్లప్పుడు అమ్మమ్మ చేతిలో పెట్టి విమానం ఎక్కాను తల్లీ. రెండేళ్ల తర్వాత సెలవుకొస్తే నన్ను ఆంటీ అన్నావు. పాలకొల్లులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాత్రూమ్‌లోకి వెళ్లి నోట్లో చీర కొంగు కుక్కుకున్నాను. అదంతా ఇంటి ఖర్చులకేనట.”

“సెలీనా, నా మాట విను” అన్నాడు జోయెల్. “రెండు రోజులు కూర్చోబెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే ప్రశ్నలు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. టీ కూడా ఇచ్చారు. కానీ కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. నర్సు జీతంతో మణికొండలో ఫ్లాటు వస్తుందా, మీరే కొన్నారని మీ చుట్టాలూ మీ ఆఫీసు వాళ్లూ అందరూ చెప్పారు కదా అన్నారు.”

“వాళ్లందరికీ ఎవరు చెప్పారు?”

జోయెల్ టీ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

“అడిగేది మిమ్మల్నే. ఎవరు చెప్పారు?”

“నేనే” అన్నాడు. కప్పు కొంచెం పక్కకి జరిపాడు. “అక్కడ నేను కొత్తగా అబద్ధమాడలేదు సెలీనా. పన్నెండేళ్లుగా చెప్పుకుంటున్నదే చెప్పాను. పెళ్లాం సౌదీ నుంచి డబ్బు పంపితే ఇంట్లో కూర్చుని తింటున్నాడని మా అన్నయ్యే అనేవాడు. ఇల్లు నేను కొన్నానంటే అందరూ నోరు మూశారు. గృహప్రవేశం ప్రార్థనలో పాస్టర్ గారు ‘మన బ్రదర్ జోయెల్ కష్టార్జితం’ అన్నారు. నువ్వు వీడియో కాల్‌లో ఉన్నావు. వింటూనే ఉన్నావు. నువ్వు మాత్రం ఏమన్నావు?”

ఆ దెబ్బ సూటిగా తగిలింది. ఆ రోజు ఆమెకి బాగా గుర్తుంది. హాస్టల్ గదిలో మంచం మీద కూర్చుని, ఫోన్‌లో తాను ఇంకా కాలు పెట్టని ఇల్లు చూస్తూ, అందరితో పాటు ఆమేన్ అంది. మొగుడి పరువు అనుకుంది. సౌదీలోని ఎడారి గాలిలో ఆ మాట పెద్ద బరువనిపించలేదు.

“ఊరుకున్నాను” అంది. “తప్పు నాదే. మీ పరువు నా పరువనుకున్నాను. ప్రార్థనలో నాకు రావాల్సిన పేరు మీరు తీసుకున్నారు, పోనీలే అన్నాను. ఇప్పుడు మీరు తీసుకెళ్లి నా ఇల్లే వాళ్ల చేతిలో పెట్టొచ్చారు. మిమ్మల్ని మీరు కాపాడుకోవడానికి.”

“నన్ను లోపల వేస్తే మీకెవరు దిక్కని...”

“మాకు దిక్కెవరో మీకు తెలీదా?” సెలీనా గొంతు పెరిగింది. “ఎనిమిది నెలలుగా ఈ పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారు? నిన్నటిదాకా ఆ సర్కారుని తిట్టాను. సంబంధం లేని ఇల్లు పట్టుకున్నారు, అన్యాయం అని వార్డులో అందరికీ చెప్పాను. వాళ్లకి సంబంధం కలిపిందే మీరు! దొంగల్ని వదిలేసి వాళ్లు నా గడపలోకి రావడం ఎంత తప్పో, దారి చూపించి మీరు నోరు మూసుకుని కూర్చోవడం అంతకన్నా తప్పు. సంతకం పెట్టొచ్చిన ఈ నాలుగు నెలల్లో ఒక్కరోజైనా చెప్పాలనిపించలేదా?”

“రోజూ అనిపించింది.”

“అనిపించి?”

“నీ ముఖం చూసేసరికి...” అని ఆగిపోయాడు.

టీ మీద మీగడ కట్టింది. కింద ఎవరి కారో వెనక్కి వస్తూ కీచుకీచుమని మోగుతోంది.

ముందు ప్రిస్కిల్లాయే మాట్లాడింది. “డాడీ, మీరు ఆ లాయర్ ఆంటీ చెప్పిన కాగితం మీద సంతకం పెట్టేస్తే?”

“పెడితే రేపే తీసుకుపోతారు.”

“పెట్టకపోతే?”

జోయెల్ కూతురి వైపు చూడలేదు. “కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. ఈలోగా ఎక్కడైనా కిరాయికి ఉందాం. నార్సింగి వైపు అద్దెలు తక్కువ. అందరం కలిసుంటాం కదా. ఇల్లే ముఖ్యమా?”

సెలీనా భర్తని తేరిపార చూసింది. ఇంత తేలిగ్గా వచ్చిందా ఆ మాట? ఇల్లే ముఖ్యమా అని అడిగే హక్కు, దాన్ని కొన్నవాళ్లకి ఉంటుంది. కొన్నానని చెప్పుకున్నవాళ్లకి కూడా ఉంటుందా?

ఆరున్నర కాకముందే ఫోన్ మోగింది. సెలీనా స్పీకర్ ఆన్ చేసి, ఫోన్‌ని రెండు కప్పుల మధ్య పెట్టింది.

“సెలీనా గారూ, ఆ పేరా ఎట్ల రాయమంటారు?”

“రాసుకోండి మేడమ్.” ఆమె గొంతులో ఇప్పుడు తడి లేదు. “ఈ ఇల్లు నేను కొన్నాను. నా జీతంతో కొన్నాను. నా భర్త ఇచ్చిన వాంగ్మూలంలో ఇంటి గురించి చెప్పింది నిజం కాదు.”

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆగింది.

“జోయెల్ గారు అక్కడే ఉన్నారా?”

“ఉన్నారండి. వింటున్నారు.”

“అయితే ఆయన్నే అడుగుతా. జోయెల్ గారూ, ఇది మీ భార్య ఒక్కరి మాటగా పంపాలా, మీ ప్రమాణపత్రం కూడా జత చెయ్యాలా? ఒక్కరిదే అయితే రేపటి నుంచి ఈ కేసులో మీరిద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. తర్వాత కలపడం నా చేతుల్లో ఉండదు.”

ప్రిస్కిల్లా తండ్రినే చూస్తోంది. సెలీనా చూడలేదు. ఈసారి అతని మాట అతనే చెప్పుకోవాలి. అతని తరఫున ఊరుకోవడం, అతని తరఫున నవ్వడం, ఆమేన్ అనడం ఆమె వల్ల ఇక కాదు.

“హలో?” అంది రసజ్ఞ. “జోయెల్ గారూ, వినిపిస్తోందా?”

జోయెల్ కుర్చీ నేల మీద గీసుకుంటూ వెనక్కి జరిగింది. అతను లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి టేబుల్ అంచు మీద ఉంది, రెండో చెయ్యి జేబులో ఇంటి తాళాలు తడుముతోంది. ఫోన్ అతనికి జానెడు దూరంలో ఉంది. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది.